సాగర్ కట్ట పొడవు మీద క్విజ్‌లో లొల్లి

అన్నా, అక్కా, జర సాయం చెయ్యండి. శనివారం రాత్రి 8 గంటలకు మిర్యాలగూడలో మా దోస్తుల క్విజ్ ఉంది, 6 టీములు. ప్రశ్నలు రాసేది నేనే.

పోయిన వారం "నాగార్జునసాగర్ డ్యాం పొడవెంత?" అని అడిగిన. ఒక టీము దగ్గర దగ్గర 1,450 మీటర్లు అన్నది, ఇంకోటి 4,865 అన్నది. రెండూ తప్పు కాదు: మొదటిది రాతికట్ట ఒక్కటే, రెండోది రెండు వైపులా ఉన్న మట్టికట్టలతో కలిపి. స్కోరు అట్టమీద ఆ గడి ఇప్పటికీ కొట్టేసే ఉంది.

"మొత్తం పొడవు" అని మార్చి చూసిన, అయినా మట్టికట్ట డ్యాంలోకి వస్తదా అని వాదనే. 10 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటానన్నా లాభం లేదు, తేడా మూడింతలు. 26 గేట్లు, 1955లో నెహ్రూ శంకుస్థాపన అందరికీ నోటికొచ్చినవే. అందుకే ఈ ప్రశ్న వదలబుద్ధి కాట్లేదు.

"రాతికట్ట" అని జవాబు ముందే అందియ్యకుండా, ఒక్క అంకెకే దారి తీసేటట్టు దీన్ని ఏ మాటలతో అడగాలి?