కింద కుట్లకు యాంటీసెప్టిక్ నీళ్ళా, మామూలు నీళ్ళా?

మధురవాడ కొత్తమ్మ:
నార్మల్ డెలివరీ అయి ఇవాళ్టికి ఆరో రోజు. కింద కుట్లు పడ్డాయి. గోరువెచ్చని నీళ్ళతో కడుక్కుంటే చాలని డిశ్చార్జి రోజు సిస్టర్ చెప్పారు. మా అత్తయ్యగారేమో మగ్గులో రెండు మూతల యాంటీసెప్టిక్ లోషన్ పోసి, నీళ్ళు పాలలా తెల్లబడితే గానీ ఒప్పుకోరు. తగలగానే ప్రాణం పోయినంత మంట. మా ఆయన ఇంటిమేట్ వాష్ (కింద కడుక్కునే ద్రవం) ఒకటి తెచ్చారు. ఏది వాడమంటారు?

పెందుర్తి మామ్మ:
మంట పుట్టిందంటే మందు పనిచేస్తోందన్నమాట అమ్మా. మూడు పురుళ్ళకూ నాకు అవే నీళ్ళు. మీ అత్తగారు చెప్పినట్టు చెయ్యి. అసలు చేటు ప్యాడ్లతో. అడుగున ప్లాస్టిక్ పొర, పైన మన విశాఖ ఉక్క, ఇక కుట్టు ఎలా ఆరుతుంది? ఉతికిన నూలు చీర ముక్క పెట్టుకో.

గాజువాక సిస్టర్:
ప్రసూతి వార్డులో 14 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మంటకీ మానడానికీ సంబంధం లేదు. ఆ లోషన్లు పచ్చి పుండుని రేపుతాయి, కొత్త చర్మం కట్టనివ్వవు. ఇంటిమేట్ వాష్ కూడా ఇప్పుడు వద్దు, అందులో సెంటు ఉంటుంది. మూత్రానికి వెళ్ళినప్పుడు పైనుంచి గోరువెచ్చని నీళ్ళు పోసుకుంటూ ఉంటే చురుకు తగ్గుతుంది. ముందు నుంచి వెనక్కి కడగాలి. రుద్దకుండా మెత్తటి బట్టతో అద్దాలి. ప్యాడ్ మూడు నాలుగు గంటలకోసారి మార్చాలి, మార్చే ముందూ తర్వాతా చేతులు కడుక్కోవాలి. కుట్లు కరిగే దారంతో వేసి ఉంటే వాటంతట అవే పోతాయి, విప్పించక్కర్లేదు.

భీమిలి పాప అమ్మ:
రాత్రికి పెద్ద సైజు ప్యాడ్లు కొనుక్కోండి.

ఆరిలోవ:
కాన్పులో బిడ్డ వచ్చే దారి దగ్గర పెట్టే కోత అందరికీ మామూలుగా పెట్టేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. అసలు కోసింది ఎందుకో అడిగారా?

పెందుర్తి మామ్మ:
సిస్టరు గారూ, బట్ట సంగతికి జవాబు చెప్పలేదు.

సీతమ్మధార అక్క:
నేను చెప్తాను మామ్మగారూ. నాది జూలైలో పురుడు. ఆ గుడ్డలు మగాళ్ళ కంట పడకూడదని బాత్రూంలో తువ్వాలు కింద ఆరేయించారు. సముద్రపు గాలికి మూడు రోజులైనా తడి పోలేదు. ముక్క వాసన కొట్టి, దురద పుట్టింది. ఎండలో ఆరితే బట్ట మంచిదే, ఎవరి ఇంట్లో ఆరనిస్తున్నారు? దానికి తోడు నీళ్ళు తాగితే కుట్లు చీము పడతాయని రోజుకి రెండు గ్లాసులే ఇచ్చారు. మలబద్ధకం పట్టింది. ముక్కితే కుట్లు ఊడతాయన్న భయంతో దొడ్డికి కూర్చుని ఏడ్చాను.

పెందుర్తి మామ్మ:
మా పథ్యం మిమ్మల్ని చంపడానికా? అర్ధరాత్రి లేచి వేడినీళ్ళు కాచేది ఎవరు? ఫోన్లో చదివి పెద్దవాళ్ళని రాక్షసుల్ని చేస్తున్నారు.

సీతమ్మధార అక్క:
నీళ్ళు కాచారు, కాదనను. నొప్పి ఎక్కడుందని మాత్రం ఒక్కరూ అడగలేదు. మీకు లోషన్ గొడవ కాదండీ, కోడలు మాట వినలేదనే మీ బాధంతా.

ఆరిలోవ:
ఇద్దరూ కాస్త ఆగండి.

పెందుర్తి మామ్మ:
నిజమే. మొన్న నా కోడలు బాత్రూం తలుపు గడియ పెట్టేసుకుంది. ఆ గడియ చప్పుడు నా చెవిలో ఇంకా ఉంది. నా మొదటి కాన్పు 1983. కోశారని నాకెవరూ చెప్పలేదు. నాలుగో రోజు కడుక్కుంటుంటే దారం ముడి వేలికి తగిలింది, పురుగనుకుని కేక పెట్టాను. చీము కూడా పట్టింది. అక్కడ చూడ్డానికి మా అమ్మకి సిగ్గు, చూపించడానికి నాకు సిగ్గు. ఆమె లోషన్ నీళ్ళ మగ్గు తలుపు సందులోంచి అందించి బయట నిలబడేది. తగ్గింది ఆ నీళ్ళతోనే అని ఇన్నేళ్ళూ నమ్మాను.

సీతమ్మధార అక్క:
క్షమించండి మామ్మగారూ. అంత మాట అనకుండా ఉండాల్సింది.

గాజువాక సిస్టర్:
మధురవాడ తల్లీ, ఎవరో ఒకరు ఆ కుట్లు చూడాలి. చిన్న అద్దం పెట్టి నువ్వే చూసుకో. వాపు పెరుగుతున్నా, పసుపుపచ్చ చీము, చెడు వాసన, కుట్టు విడిపోవడం, 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) జ్వరం, వీటిలో ఏది ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతే క్షణం ఆగొద్దు.

మధురవాడ కొత్తమ్మ:
అద్దం పెట్టి చూశాను. ఎడమవైపు ఉబ్బి ఉంది, కుట్టు చివర పసుపుగా తడి. జ్వరం లేదు. అత్తయ్యగారికి చూపించాను. ఆవిడ కాసేపు చూసి, మగ్గు పక్కన పెట్టేసి, చీర మార్చుకుని వచ్చారు. బిడ్డని ఎత్తుకుని ఆటో ఎక్కాం, దారిలో ఉన్నాం.

పెందుర్తి మామ్మ:
చూపించుకున్నాక ఏమన్నారో రాయి అమ్మా. మేలుకునే ఉంటాను.