పేస్ట్రీ చుట్టిన సాసేజీలు అడుగున మెత్తబడుతున్నాయి, ఏం చేయాలి?

డాలస్‌_వంటిల్లు
వచ్చే ఆదివారం అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్‌కి మా ఇంటికి పాతికమంది వస్తున్నారు. పిల్లలు అడిగారని ‘పిగ్స్ ఇన్ ఎ బ్లాంకెట్’ (పేస్ట్రీ చుట్టిన సాసేజీలు) నిన్న ఒక ట్రే చేసి చూశాను. డబ్బాలో వచ్చే క్రెసెంట్ డో (తయారుగా దొరికే పేస్ట్రీ పిండి), చికెన్ సాసేజీ ముక్కలు, 375 డిగ్రీల ఫారన్‌హీట్‌లో 13 నిమిషాలు. పైన చక్కగా ఎర్రబడింది, అడుగు మాత్రం పచ్చిగా ఉండిపోయింది. ఎక్కడ పొరపాటు? సాస్ కూడా చెప్పండి, కెచప్ కాకుండా.

ఎడిసన్‌_అమ్మమ్మ
ప్యాకెట్‌లోంచి తీసి తుడవకుండానే చుట్టేశావా తల్లీ? ఆ నీళ్లే పిండిని నానబెడతాయి. పేపర్ టవల్ మీద దొర్లించి, బాగా ఆరాక చుట్టు. ట్రే కింది అరలో పెట్టు. అతుకు అడుగువైపు ఉండాలి, లేకపోతే ఓవెన్‌లో విప్పుకుపోతుంది. డబ్బాలో 8 త్రికోణాలు వస్తాయి కదా, ఒక్కోదాన్ని పొడవుగా మూడు చీలిస్తే 24 అవుతాయి. ఐదు డబ్బాలైనా తెచ్చుకో, మనిషికి నాలుగు లేకుండా ఎవరూ లేవరు.

కృష్ణాతీరం
అక్కా, ముందు ప్యాకెట్ వెనక చిన్నక్షరాలు చదవండి. ముందువైపు చికెన్ అని పెద్దగా రాసినా, కొన్నిటికి పైతొడుగు పంది పేగుదో, పశువుల తోలు నుంచి తీసే బీఫ్ కొల్లాజెన్‌దో ఉంటుంది. మా అత్తగారు వచ్చినప్పుడు నేను చూసుకోకుండా వడ్డించాను. మర్నాడు చదివితే గుండె జారిపోయింది. ఆవిడతో చెప్పి క్షమించమన్నాను, ఏమీ అనలేదు కానీ ఆ పూట అన్నం ముట్టలేదు. అప్పటినుంచి తొడుగు లేనివే కొంటున్నా. పాతికమందిలో ఎవరు ఏం తినరో మనకు తెలియదు కదా.

సికింద్రాబాద్‌_సత్య
మా దగ్గర ఆ డబ్బా పిండి చూడలే. ఫ్రోజెన్ పఫ్ షీట్ దొరికితే అదే వాడుత, 200 డిగ్రీల సెల్సియస్‌లో 20 నిమిషాలు. బేకరీల ఎగ్ పఫ్ తిన్నోళ్లకు ఆ పొరలే కావాలె. షీట్ చల్లగున్నప్పుడే పని కానియ్యాలె, వెన్న కరిగితే పొరలు అతుక్కుంటయి, ఇగ పొంగదు. ఎండకాలంల నేను చుట్టినంక ఇరవై నిమిషాలు మళ్ల ఫ్రిజ్‌ల పెడత. షీట్ దొరకకపోతే ఫ్రోజెన్ మైదా పరాటా కొంచెం మెత్తబడ్డంక పట్టీలు కోసి చుట్టి, గుడ్డు సొన పూసి కాల్చిన. పఫ్ అంత పొంగలే గానీ కరకరలాడింది.

కాకినాడ_పిల్ల
సాస్ నేను చెప్తానండి. పావు కప్పు డిజాన్ మస్టర్డ్ (సీసాలో దొరికే ఫ్రెంచ్ ఆవ పేస్ట్), రెండేసి పెద్ద స్పూన్ల తేనె, మయొనైజ్, కాస్త నిమ్మరసం. మన నాలిక్కి అది చప్పగా ఉంటుంది. అందుకే పనసపొట్టు కూరకి ఆవ పెట్టినట్టే, రెండు స్పూన్ల ఆవపిండి చన్నీళ్లతో తడిపి పది నిమిషాలు ఉంచి అందులో కలుపుతాను. వేణ్ణీళ్లు పోశారంటే ఘాటు చచ్చిపోతుంది. ముక్కుకి ఎక్కే ఆ ఘాటు, వెంటనే తేనె తీపి... సాసేజీకి ఇంతకన్నా తోడు నాకు దొరకలేదు.

లీడ్స్‌_రమ
ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లు జాగ్రత్త. ఇక్కడ బ్రిటన్‌లో ‘పిగ్స్ ఇన్ బ్లాంకెట్స్’ అన్న పేరుతో బేకన్ (పంది మాంసం పట్టీలు) చుట్టిన సాసేజీలు వస్తాయి, క్రిస్మస్ భోజనంలోకి. పేస్ట్రీది కావాలంటే సాసేజ్ రోల్ అని వెతకాలి, అందులో సాసేజీ కాదు, మసాలా కలిపిన కీమా ఉంటుంది.

డాలస్‌_వంటిల్లు
ఇవాళ తుడిచి, ఆరబెట్టి, కింది అరలో పెట్టాను. అడుగు కూడా కాలింది! అమ్మమ్మగారికి దణ్ణాలు. ఆవ సాస్ మా ఆయన స్పూన్‌తో తినేశారు. తొడుగు సంగతి చూశాను, బీఫ్ కొల్లాజెన్ అని ఉంది, రేపే మారుస్తున్నా. ఇవన్నీ శనివారమే చుట్టి పెట్టుకోవచ్చా?

ఎడిసన్‌_అమ్మమ్మ
పఫ్ షీట్‌వైతే చుట్టి ఫ్రీజర్‌లో పెట్టుకో, తీసినవి తీసినట్టే ఓవెన్‌లోకి, నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. డబ్బా పిండి మాత్రం ఆ పూటే చుట్టాలి, నిలవుంటే పొంగు తగ్గుతుంది. ఇంకో మాట. నాలుగేళ్లలోపు పిల్లలుంటే సాసేజీని గుండ్రంగా కోయకు, నిలువుగా సన్నగా చీల్చి పెట్టు. గుండ్రటి ముక్క గొంతులో ఇరుక్కుంటుంది.