హిట్టింగ్ కోచ్‌ని హెడ్ కోచ్ చెయ్యొచ్చా? ఏ అండ్ ఎం సంగతి చూశాక కూడా?

ఫ్రిస్కో నాన్న:
మా వాడికి పన్నెండేళ్లు. క్రికెట్ బ్యాట్ అటకెక్కించి బేస్‌బాల్ పట్టుకున్నాడు, వాడి వెనకే నేనూ. మూడేళ్లుగా కాలేజీ మ్యాచ్‌లు వదలకుండా చూస్తున్నా కాబట్టి నోరు విప్పే ధైర్యం వచ్చింది.

నేననేది ఒక్కటే. బ్యాటింగ్ నేర్పేవాణ్ని, అంటే హిట్టింగ్ కోచ్‌ని, తీసుకెళ్లి నేరుగా హెడ్ కోచ్ కుర్చీలో కూర్చోబెట్టకూడదు. టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్లు చేసింది చూడండి. 2024 జూన్‌లో ఒమాహాలో, అంటే ఏటా కాలేజీ ఫైనల్స్ జరిగే ఊళ్లో, జాతీయ ఫైనల్ దాకా వెళ్లి మూడో మ్యాచ్‌లో టెనెసీ చేతిలో ఓడారు. మర్నాడే హెడ్ కోచ్ జిమ్ ష్లాస్‌నేగల్ బద్ధ శత్రువైన టెక్సాస్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. హిట్టింగ్ కోచ్ మైకేల్ అర్లీ కూడా ఆయన వెంటే ఆ యూనివర్సిటీ ఉన్న ఆస్టిన్ బండెక్కాడు. వారం తిరక్కుండానే ఏ అండ్ ఎం అతణ్ని వెనక్కి పిలిచి హెడ్ కోచ్‌ని చేసింది. అప్పటిదాకా అతను ఏ కాలేజీలోనూ హెడ్ కోచ్‌గా ఒక్క మ్యాచ్ నడిపినవాడు కాడు.

ఏమైంది? 2025 సీజన్ మొదలయ్యే ముందు దేశంలో నంబర్ వన్ అన్నారు. చివరికి 30 గెలుపులు, 26 ఓటములు. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ 64 జట్లతో పెట్టే జాతీయ టోర్నీలో కూడా వీళ్లకు చోటు దొరకలేదు. ఆ ఏడాది మిజోరి యూనివర్సిటీ, ఇద్దరూ ఆడే ఎస్‌ఈసీ లీగ్‌లో 30 మ్యాచ్‌లాడి మూడే గెలిచింది. ఆ మూడూ ఏ అండ్ ఎం మీదే, అదీ వీళ్ల సొంత మైదానంలోనే!

బ్రాజోస్ బుల్లోడు:
నాన్నగారూ, నేను ఇక్కడే చదువుతున్నా. ఆ మూడింట్లో రెండు స్టాండ్స్‌లో కూర్చుని చూశా. మానుతున్న పుండుని గోకకండి.

కానీ మీరు సగమే చెప్పారు. ష్లాస్‌నేగల్ వెళ్లిన మర్నాటి నుంచి ఇక్కడ ఇల్లు ఖాళీ అయిపోయినట్టే ఉంది. ఆటగాళ్లు ఒక్కొక్కరే ట్రాన్స్‌ఫర్ పోర్టల్లో పేరు రాయించుకున్నారు, అంటే "మేము వేరే కాలేజీకి వెళ్తాం, పిలిచేవాళ్లు పిలవండి" అని ప్రకటించడమే. ఆ సీజన్‌లో 29 హోమ్ రన్‌లు (మన సిక్సర్ లాంటివి) కొట్టిన జేస్ లావియొలెట్ కూడా అందులో ఉన్నాడు. అర్లీ తిరిగొచ్చాడని తెలియగానే అతనూ ఆగిపోయాడు, ఇంకొందరూ ఆగిపోయారు. అర్లీని హెడ్ కోచ్ చెయ్యడం ఎందుకంటే, చెయ్యకపోతే జట్టే మిగిలేది కాదు. కుర్రాళ్లకి కాలేజీ మీద కాదు, రోజూ మూడు గంటలు కేజ్‌లో, అంటే వల కట్టిన బ్యాటింగ్ సాధన చోట, తమతో నిలబడిన మనిషి మీద గురి.

2025 గురించి కూడా చెప్తా. ఫ్రెష్‌మన్‌గా, అంటే కాలేజీ మొదటి ఏడాదిలో, 23 హోమ్ రన్‌లు కొట్టిన గావిన్ గ్రహోవాక్ ఆరు మ్యాచ్‌లకే భుజం పోగొట్టుకుని సీజన్‌కి దూరమయ్యాడు. బ్రేడన్ మాంట్‌గోమరీ అప్పటికే డ్రాఫ్ట్‌లో, అంటే ప్రో జట్లు వరసగా కుర్రాళ్లని ఎంచుకునే చోట, మొదటి రౌండ్‌లోనే ఎంపికై వెళ్లిపోయాడు. హెడ్ కోచ్‌గా ఎవరుంటే మాత్రం భుజం అతుక్కుంటుంది?

లెక్కల మాస్టారు:
బుల్లోడా, అందరూ గాయాల పేరు చెప్పే తప్పించుకుంటారు. గాయాలు లేని జట్టేదో చూపించు.

నాకైతే అసలు గొడవ వేరే చోట ఉంది. హిట్టింగ్ కోచ్ గొప్పతనాన్ని మనం దేంతో కొలుస్తున్నాం? హోమ్ రన్‌లతో. అవి అతనివేనా? 1998 కాలేజీ ఫైనల్ స్కోరెంతో తెలుసా? యూఎస్‌సీ 21, అరిజోనా స్టేట్ 14. అమెరికన్ ఫుట్‌బాల్ స్కోరులా ఉంది. ఆ రోజుల్లో హిట్టింగ్ కోచ్‌లంతా మేధావులై ఉండాలి మరి! 2011లో బంతి అంత వేగంగా ఎగరకుండా లోహపు బ్యాట్ల ప్రమాణం మార్చారు, బీబీకోర్ అంటారు. హోమ్ రన్‌లు ఒక్కసారిగా పడిపోయాయి. ఒక్క శీతాకాలంలో అందరికీ పాఠాలు మర్చిపోయే రోగం వచ్చిందా? 2015లో బంతి కుట్లు తక్కువ ఎత్తుండేలా మార్చారు, గాలిలో ఆటంకం తగ్గింది, మళ్లీ హోమ్ రన్‌లు పెరిగాయి. అప్పుడు మళ్లీ కోచ్‌లకు జ్ఞానోదయమైంది కాబోలు.

ఇక టెనెసీ. 2024లో 184 హోమ్ రన్‌లు. ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 1997లో కొట్టిన 188 తర్వాత అప్పటికి చరిత్రలో ఇదే ఎక్కువ. ఒకే జట్టులో ఐదుగురు ఇరవై దాటారు, అది అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. హిట్టింగ్ కోచ్ జాష్ ఎలాండర్‌కి పేరొచ్చింది. బాగుంది. కానీ ఆ ఐదుగురిలో బిల్లీ ఆమిక్ క్లెమ్సన్ నుంచి వచ్చినవాడు. బుల్లోడు చెప్పిన మాంట్‌గోమరీ కూడా స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చాడు. వేరే ఊళ్లో పూసిన చెట్టు తెచ్చి మన పెరట్లో నాటి, కాయలు నావే అన్నట్టుంది.

సికింద్రాబాద్ ఎల్బీడబ్ల్యూ:
అన్నా, నాకు బేస్‌బాల్ సగమే తెలుసు, తప్పైతే తిట్టున్రి. బ్యాటింగ్ కోచ్ హెడ్ కోచ్ అయితే ఏమైతదని ఇంత లొల్లి? మన హైదరాబాద్ శ్రీధర్ సార్ 2014 సంది 2021 దాకా టీమిండియాకు ఫీల్డింగ్ కోచ్‌గ చేసిండు. మ్యాచ్ ఓడిపోతే ఎవడన్న ఆయన్ని తిట్టిండా? క్రికెట్ల మైదానం మీద దిక్కు కెప్టెనే. కోచ్ బాల్కనీల కూసోని గోళ్లు కొరుక్కునుడే.

కేజ్ పక్కన కుర్రాడు:
తమ్ముడూ, నువ్వు అడిగిందే అసలు ప్రశ్న. బేస్‌బాల్‌లో మైదానం మీద కెప్టెన్ పెత్తనం ఉండదు. పిచ్చర్‌ని, అంటే మన బౌలర్ లాంటివాణ్ని, ఎప్పుడు దింపాలి, ఎవర్ని ఎక్కించాలి, ఏ బ్యాటర్‌కి బదులు ఎవర్ని పంపాలి అన్నీ హెడ్ కోచ్ చేతిలోనే. చాలా కాలేజీ జట్లలో ప్రతి బంతి ఏ రకం వెయ్యాలో కూడా డగౌట్ నుంచే, అంటే జట్టు కూర్చునే చోటు నుంచే, చెప్తారు. హిట్టింగ్ కోచ్ పదేళ్లు బ్యాటర్ల మోచేతులు, తుంటి కదలికలు చూస్తూ గడిపాడు. రేపట్నుంచి ఏడో ఇన్నింగ్స్‌లో అలసిన పిచ్చర్ కళ్లలోకి చూసి నిర్ణయం చెప్పాలి. ఫ్రిస్కో అన్న భయం అక్కడే ఉంది, అది వట్టి భయమేమీ కాదు.

నేనొక చిన్న కాలేజీలో రెండేళ్లు వాలంటీర్ అసిస్టెంట్‌గా బ్యాటర్లతో పని చేశా. పేరు చెప్పను. మాస్టారి లెక్కలు తప్పని అనను, కానీ ఆయన కేజ్ లోపలికి వచ్చి చూసినట్టు లేరు.

పిచ్చర్ నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. 95 మైళ్ల వేగంతో వచ్చే బంతికి దాదాపు 0.4 సెకన్లు. బ్యాటర్ అందులో సగం లోపే కొట్టాలా వదలాలా తేల్చుకోవాలి. ఇది మాటలతో నేర్పే విద్య కాదు. "మోచెయ్యి పైకెత్తు, తల కదల్చకు" అని కుర్రాడికి నాలుగు మాటలు ఎక్కిస్తే మ్యాచ్‌లో ఆ నాలుగూ గుర్తొచ్చి బంతి దాటిపోతుంది. మంచి హిట్టింగ్ కోచ్ సగం రోజు మాట్లాడకుండా ఉండటం నేర్చుకుంటాడు. ఆ పని ఏ లెక్కలోకీ రాదు, మాస్టారూ. ఒక కుర్రాడు రెండు వారాలు బంతి తగలక హాస్టల్లో ముడుచుకు పడుకుంటే, వాణ్ని లేపి మళ్లీ టీ, అంటే బంతి నిలబెట్టే స్టాండ్, మీద బంతి పెట్టి మొదట్నుంచి కొట్టించే పని కూడా రాదు. పైగా సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి ఆటగాళ్ల చేత సాధన చేయించకూడదని ఎన్‌సీఏఏ నియమం. ఆ 20లోనే మ్యాచ్‌లు, వ్యాయామం, వీడియో అన్నీ.

మీరు చూసేది హోమ్ రన్. నేను చూసేది నాలుగు చెడ్డ బంతులు వదిలేసి నడుచుకుంటూ మొదటి బేస్‌కి వెళ్లిన కుర్రాణ్ని. ఆర్నెల్ల క్రితం అవే బంతుల వెంట పడి ఔటైనవాడు వాడు.

లెక్కల మాస్టారు:
కేజ్ బాబూ, బాగా చెప్పావు, ఒప్పుకుంటా. మరి స్పెన్సర్ టోర్కెల్సన్ సంగతి ఏమంటావు? అర్లీ పేరెత్తితే అందరూ అతణ్నే చూపిస్తారు. హైస్కూల్ నుంచి డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని కుర్రాడు, అరిజోనా స్టేట్‌లో అర్లీ దగ్గర ఆడి 2020 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి వాడుగా డెట్రాయిట్‌కి వెళ్లాడు. వినడానికి బాగుంటుంది. కానీ 2018లో, ఫ్రెష్‌మన్‌గానే, 25 హోమ్ రన్‌లు కొట్టాడు. ఆగస్టులో క్యాంపస్‌కి వచ్చినవాడు ఫిబ్రవరిలో సీజన్ మొదలవగానే బాదడం మొదలుపెట్టాడు. ఆ కొద్ది నెలల్లో కోచ్ ఎంత పోశాడు, తల్లి కడుపులోంచి ఎంత తెచ్చుకున్నాడు?

కేజ్ పక్కన కుర్రాడు:
అది మీరూ తేల్చలేరు, నేనూ తేల్చలేను. అర్లీని అడిగినా తేలదేమో.

ఫ్రిస్కో నాన్న:
వాలంటీర్ అంటే? జీతం లేకుండానా? రెండేళ్లు?

కేజ్ పక్కన కుర్రాడు:
అవునన్నా. డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై స్థాయి) బేస్‌బాల్‌లో 2023 జులై 1 దాకా హెడ్ కోచ్ కాక ఇద్దరు అసిస్టెంట్లకే జీతం ఇవ్వొచ్చు. సాధారణంగా ఒకరు పిచ్చింగ్, ఇంకొకరు బ్యాటింగ్, రిక్రూటింగ్ (కొత్త ఆటగాళ్లని వెతికి తేవడం) కలిపి చూసేవాళ్లు. మూడోవాడు వాలంటీర్. అదే కాలేజీల్లో ఫుట్‌బాల్‌కి పదిమంది అసిస్టెంట్లు, అందరికీ జీతాలే! వాలంటీర్‌కి జీతం, ఆరోగ్య బీమా ఏమీ ఇవ్వకూడదు. వేసవి క్యాంపుల్లో పిల్లలకి నేర్పి వచ్చింది తీసుకోవాలి. నేను పొద్దున పాఠాలు చెప్పి, మధ్యాహ్నం కాలేజీకి వెళ్లి, రాత్రి గిడ్డంగిలో పెట్టెలు మోసేవాణ్ని. మా అమ్మకి "కోచ్‌ని" అని చెప్పుకున్నా. గిడ్డంగి మాట చెప్పలేదు.

తర్వాత కొందరు వాలంటీర్లు ఎన్‌సీఏఏ మీద కోర్టుకెళ్లారు. స్మార్ట్ కేసు అంటారు. కాలేజీలన్నీ కూడబలుక్కుని జీతం సున్నా అని కట్టేశాయి, ఇది పోటీ చట్టానికి విరుద్ధం అన్నది వాళ్ల వాదన. చివరికి రాజీ కుదిరింది. దాదాపు వెయ్యి మంది బేస్‌బాల్ వాలంటీర్లకు కలిపి సుమారు 4.9 కోట్ల డాలర్లు. ఇప్పుడు ఆ మూడో పోస్టుకి జీతం ఇవ్వొచ్చు.

నేనడిగేది ఇదీ. మీరంతా "హిట్టింగ్ కోచ్ హెడ్ కోచ్ కావచ్చా" అని కొట్టుకుంటున్నారు. హిట్టింగ్ కోచ్ అవ్వడానికే ఇన్నేళ్లు ఎవరు తట్టుకోగలిగారు? ఇంట్లో డబ్బున్నవాడు, లేదా ప్రో బేస్‌బాల్‌లో సైనింగ్ బోనస్ (జట్టులో చేరినప్పుడు ఇచ్చే డబ్బు) మిగిలినవాడు. మంచివాళ్లు సగం మంది ఆ మెట్టు దగ్గరే రాలిపోయారు.

బ్రాజోస్ బుల్లోడు:
అన్నా, ఇది నాకు తెలీదు. గిడ్డంగి సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా.

సరే, వాదన మాత్రం వదల్ను. ఫ్రిస్కో నాన్నగారూ, మీరు ఒక్క అర్లీని పట్టుకుని తీర్పు చెప్పారు. అదే 2025లో కోస్టల్ కరోలినా చూడండి. గ్యారీ గిల్మోర్ రిటైరయ్యాక కెవిన్ ష్నాల్‌ని హెడ్ కోచ్ చేశారు. ఏళ్ల తరబడి అదే కాలేజీలో అసిస్టెంట్, బ్యాటర్లని, రిక్రూటింగ్‌ని చూసినవాడు. అదే కాలేజీకి క్యాచర్‌గా ఆడినవాడు కూడా. మొదటి ఏడాదే 56 గెలుపులు, 13 ఓటములు, ఏకంగా జాతీయ ఫైనల్. అర్లీ కుప్పకూలిన ఏడాదే ఇదీ జరిగింది.

ఫ్రిస్కో నాన్న:
ఆ ఫైనల్ నేనూ చూశా బాబూ. రెండో మ్యాచ్ మొదటి ఇన్నింగ్స్‌లోనే ష్నాల్‌ని అంపైర్ బయటికి పంపేశాడు! ఎల్‌ఎస్‌యూ రెండు మ్యాచ్‌లూ గెలిచి కప్పు పట్టుకెళ్లింది. పెద్ద మ్యాచ్‌లో నోరు అదుపులో పెట్టుకోవడం కూడా హెడ్ కోచ్ పనే కదా.

బ్రాజోస్ బుల్లోడు:
56 గెలిచినవాణ్ని ఒక్క ఇన్నింగ్స్‌తో కొడుతున్నారు. మీరు అంపైర్ అయ్యుండాల్సింది.

సికింద్రాబాద్ ఎల్బీడబ్ల్యూ:
😂 మరి ఆ టెనెసీ ఎలాండర్ ఏమైండు? మాస్టారు ఆయన్ని మధ్యల్నే వదిలేసిన్రు.

లెక్కల మాస్టారు:
వదల్లేదు నాయనా, దాచిపెట్టా. 2025 అక్టోబర్‌లో టెనెసీ హెడ్ కోచ్ టోనీ విటెల్లోని శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ మేనేజర్‌గా తీసుకుంది. ప్రో బేస్‌బాల్‌లో ఒక్క రోజు ఆడనివాడు, ఒక్క రోజు కోచింగ్ చెయ్యనివాడు కాలేజీ నుంచి నేరుగా మేజర్ లీగ్ మేనేజర్ అవ్వడం ఇదే మొదలు. ఆ ఖాళీలో ఎలాండర్‌ని హెడ్ కోచ్ చేశారు. ఆర్కన్సా నుంచి విటెల్లో వెంటే వచ్చి, 2018 సీజన్ నుంచి అక్కడే ఉన్నవాడు. విటెల్లో కూడా ఆర్కన్సాలో బ్యాటర్లని చూసిన అసిస్టెంటే. అతని చేతిలో ఆడిన ఆండ్రూ బెనిన్‌టెండి 2015లో గోల్డెన్ స్పైక్స్, అంటే దేశంలో ఉత్తమ అమెచ్యూర్ ఆటగాడి అవార్డు, కొట్టాడు. బుల్లోడు ఇది ముందే తెచ్చి నా నెత్తిన కొడతాడనుకున్నా.

అయితే ఒక మెలిక ఉంది. విటెల్లో అంతకుముందు మిజోరిలో పిచ్చర్లతోనూ పనిచేశాడు, పేరున్న పిచ్చర్ మాక్స్ షెర్జర్ అక్కడే ఆడాడు. రెండు వైపులా చూసినవాడు. కాబట్టి ఫ్రిస్కో గారి ప్రశ్నని కొంచెం సరిదిద్దుతా. హిట్టింగ్ కోచ్ అవ్వడం తప్పు కాదు, హిట్టింగ్ మాత్రమే చూసి రావడం తప్పు.

ఫ్రిస్కో నాన్న:
ఇది ఒప్పుకుంటా. సగం. ఎలాండర్‌కి రెండు సీజన్లు అవనివ్వండి, మిగతా సగం అప్పుడు.

కేజ్ బాబూ, నిన్నొకటి అడగాలి, చర్చకి సంబంధం లేదు. మా వాడికి వారానికోసారి పాఠం చెప్పించాలని ఒకాయన దగ్గర చేర్చా. మొదటి రోజే ఫోన్లో ఏదో యాప్ పెట్టి బంతి ఎన్ని డిగ్రీల్లో లేస్తోందో చూపించి, ఇంకా పైకి కొట్టమంటున్నాడు. వీడికి పన్నెండేళ్లు. సరైనదేనా?

కేజ్ పక్కన కుర్రాడు:
ఆ యాప్ తియ్యమని చెప్పండన్నా. ముందు బంతి బ్యాట్ మధ్యలో తగలనివ్వండి. డిగ్రీలు తర్వాత చూసుకోవచ్చు. వాడి వీడియో ఒకటి పక్క నుంచి తీసి నాకు మెసేజ్‌లో పంపండి, రేపు రాత్రి చూస్తా. డబ్బులు వద్దు.