తొర్ర తేనెటీగను ఇంట్లో చేసిన పెట్టెలో పెంచడం తప్పా?

కోనసీమ కొబ్బరి రైతు:

మాది రెండెకరాల కొబ్బరి తోట, మధ్యలో కోకో, అరటి. మొన్న మాఘంలో పాత మామిడి చెక్కలతో రెండు తేనె పెట్టెలు నేనే కొట్టాను. అడుగున ఇరుకు, పైన వెడల్పు. లోపల చట్రాలు లేవు, పైన వరసగా పేర్చిన అడ్డకర్రలే. ఒక్కో కర్ర 30 మిల్లీమీటర్లు, దాని కింద సన్నగా మైనం గీత. కెన్యాలో 1970లలో పేద రైతుల కోసం తెచ్చిన పద్ధతి ఇది. కొలతలు మాత్రం మన పుట్ట తేనెటీగకు (తొర్ర ఈగ అన్నా ఇదే) సరిపడేలా తగ్గించాను. బయటి పుస్తకాల్లో పెట్టె 40 లీటర్లు ఉండాలంటారు, అది విదేశాల నుంచి తెచ్చిన ఇటాలియన్ ఈగకు. మన ఈగకు అందులో సగం చాలు.

ఆ వాసనకు ఈగలు వస్తాయని లోపల నిమ్మగడ్డి రుద్ది చెట్టుకు కట్టాను. ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం ఈగల గుంపు దానంతట అదే వచ్చి దిగింది. ఇప్పుడు ఆరు తుట్టెలు ఉన్నాయి. పంచదార పాకం పోయలేదు, మైనపు షీటు పెట్టలేదు, తేనె ఒక్క చుక్క తీయలేదు.

తేనెటీగల పెంపకం నేర్పే ఆయన ఒకరు వచ్చి చూసి, "ఇది పెంపకం కాదు, గాలికొదిలేయడం. చట్రాల పెట్టెలోకి మార్చకపోతే రోగాలు వస్తాయి, పక్కవాళ్ళ పెట్టెలకూ అంటిస్తావు" అన్నారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, నేను చేసింది తప్పా?

నంద్యాల పెట్టెల రైతు:

అన్నా, నాకు 60 ఇటాలియన్ పెట్టెలున్నాయి. ప్రొద్దుతిరుగుడు ఎక్కడ పూస్తే అక్కడికి తోలుకెళ్తాను. ఆయన మాట కటువుగా ఉన్నా అందులో నిజం ఉంది. రేపు నువ్వు తేనె తీయాలంటే తుట్టె కోయాల్సిందే. నేనైతే చట్రాన్ని మిషన్లో తిప్పి, ఖాళీ తుట్టెను మళ్ళీ ఈగలకే ఇచ్చేస్తాను. కిలో మైనం తయారవ్వాలంటే ఆరేడు కిలోల తేనె తినాలంటారు. నువ్వు కోసే ప్రతి తుట్టె వాటి కష్టమే.

ఇంకోటి, 1991-92 మర్చిపోకూడదు. థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ వచ్చి దక్షిణాదిలో పుట్ట ఈగల పెట్టెలు 90 శాతానికి పైగా పోయాయి. పురుగు దశలోని పిల్ల నీళ్ళ సంచిలా ఉబ్బి చచ్చిపోయేది. అలాంటిది నీ పెట్టెలో మొదలైతే నీకెప్పుడు తెలుస్తుంది?

కోనసీమ కొబ్బరి రైతు:

తమ్ముడూ, అడ్డకర్ర కూడా పైకి లేస్తుంది. తుట్టె దానికే వేలాడుతుంది కాబట్టి చూడొచ్చు, చట్రంలా పడుకోబెట్టకూడదు, అంతే. కొత్త తుట్టె ఎండకు మెత్తబడి విరుగుతుంది, అందుకే పొద్దున్నే తీసి నిలువుగానే తిప్పి చూస్తాను.

కానీ నువ్వు చెప్పిన 1991-92 నా వైపు సాక్ష్యం అనుకుంటున్నాను. అప్పుడు పోయినవాటిలో చట్రాల పెట్టెలు లేవా? ఆ వైరస్‌కి మందే లేదు. పెట్టె తెరిచి చూసినవాడికి చావు ముందే కనిపించింది తప్ప ఆపగలిగాడా? వందల పెట్టెలు ఒకచోట చేర్చి, ఊరూరా తిప్పడం రోగానికి బాట వేసినట్టు కాదా?

నంద్యాల పెట్టెల రైతు:

మందు లేదు, ఒప్పుకుంటాను. కానీ జబ్బు పట్టిన గుంపును ముందే గుర్తిస్తే దూరం పెట్టొచ్చు, దాని తుట్టె వేరే పెట్టెలో పెట్టకుండా ఆగొచ్చు. అది చిన్న విషయం కాదు. ఈగల ఒంటికి పట్టే నల్లి సంగతి కూడా చెప్పు. ఆ వరోవా నల్లి వస్తే ఏం చేస్తావు? నా పెట్టెలు దానితోనే సగం నష్టపోయాయి ఒక ఏడాది.

పాడేరు నుంచి:

నల్లి విషయంలో మీరిద్దరూ రెండు వేరు ఈగల గురించి మాట్లాడుతున్నారు. వరోవాను మొదట 1904లో జావాలో గుర్తించింది పుట్ట ఈగ జాతి మీదే. అది దీనికి పాత పొరుగు. మన ఈగ ఒకదాన్నొకటి దులుపుకుంటుంది, నల్లి పట్టిన పోతు ఈగ పిల్లను గదిలోనే మూసి వదిలేస్తుంది. ఇటాలియన్ ఈగకు అది కొత్త శత్రువు. "మందు లేకుండా పెంచాలా వద్దా" అని విదేశాల్లో జరిగే తగాదా చాలావరకు ఆ ఈగదే. దాన్ని మన తొర్ర ఈగ మీద రుద్దకండి.

నా బాధ వేరు. మా నాన్న అడవిలో తేనె తీసేవాడు. తొర్ర వాకిలి ఇరుకైతే గొడ్డలితో వెడల్పు చేసి, పొగపెట్టి, చేతికందిన తుట్టెలన్నీ పిల్లలతో సహా తీసేవాడు. ఆ పిల్లల తుట్టె మేమూ తిన్నాం. అలా వాకిలి పెద్దదైన తొర్రల్లోకి మళ్ళీ గుంపు రావడం నేను చూడలేదు. వాన కొడుతుంది, చీమ దూరుతుంది. అలాంటి తొర్ర పడాలంటే చెట్టుకు ఎన్నేళ్ళు పట్టాలి!

ఇప్పుడు "సహజ పెంపకం" పేరుతో పట్నం నుంచి వచ్చి, తొర్ర ఈగలు కావాలి, డబ్బులిస్తాం అంటున్నారు. మా కుర్రాళ్ళు చెట్టు చీల్చి రాణిని పట్టి డబ్బాలో పెట్టి ఇస్తున్నారు. వాటిలో ఎక్కువ గుంపులు వారానికే లేచిపోతున్నాయి. కోనసీమ అన్న చేసింది వేరు. ముసలి రాణి సగం ఈగలతో పాత ఇల్లు వదిలి బయటికి వచ్చింది, దానికి ఇల్లు కావాలి, ఆయన ఇచ్చాడు. పాత ఇంట్లో కొత్త రాణి ఉంది. అడవికి ఏమీ తగ్గలేదు. చట్రమా, కర్రా అని కొట్టుకునేకన్నా ముందు గుంపు ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ నుంచి:

మా ఐదో అంతస్తు సజ్జాకు పెద్ద తేనెపట్టు ఉంది. మందు కొట్టిద్దామని సొసైటీలో టెన్షన్ పెడుతున్నారు. ఇలాంటి పెట్టెలోకి మార్చి కాపాడొచ్చా అండీ?

పాడేరు నుంచి:

కుదరదండీ. అది కొండ తేనెటీగ. ఒకే పెద్ద తుట్టె, ఆరుబయట. పెట్టెలో ఉండదు, పూత అయిపోతే తనే వలసపోతుంది. మందు కొట్టించకండి. రాత్రి ఆ వైపు లైటు ఆపి, కిటికీ మూసుకుంటే చాలావరకు ఏమీ అనదు. కదిలించాల్సి వస్తే అలవాటున్నవాళ్ళనే పిలవండి.

నంద్యాల పెట్టెల రైతు:

పాడేరు అన్న చెప్పింది నా కళ్ళు తెరిపించింది. తొర్ర చీల్చిన గుంపు కొనడం తప్పే. కానీ కోనసీమ అన్నా, ఒక్క విషయంలో నేను తగ్గను. ఇప్పుడు భాద్రపదం, వాన విడవదు. కొబ్బరి పూత ఉన్నా ఈగ బయటికి వెళ్ళలేదు. ఇలాంటప్పుడే పుట్ట ఈగ లేచిపోతుంది, ఖాళీ తుట్టెల్లో మైనపు పురుగు పడుతుంది. పాకం పోయనని పట్టుబడితే గుంపు పోతుంది. పట్టుదల నీది, ఆకలి వాటిది.

కోనసీమ కొబ్బరి రైతు:

ఈ మాట రాత్రంతా ఆలోచించాను. తేనె తీయలేదు కాబట్టి వాటి కూడు వాటికే ఉందనుకున్నాను. పొద్దున తెరిపి ఇస్తే వెనక కర్రలు రెండు లేపాను. వెనక తుట్టె కింద భాగం ఖాళీ, మైనపు పురుగు గూడు ఒకటి చిన్నది. ఆ ముక్క కోసి పారేశాను, ఖాళీ కర్రలు తీసి పెట్టె ఇరుకు చేశాను. పిల్లలు తెల్లగా, ఆరోగ్యంగా ఉన్నాయి. తేనె పై అంచున రెండు వేళ్ళ మందమే ఉంది.

పాకం ఇంకా పోయలేదు. నాలుగు రోజులు చూస్తాను. ఇంకా తగ్గితే పోస్తాను, తమ్ముడూ. ఎంత పంచదారకు ఎన్ని నీళ్ళు కలుపుతావో రాయి. చట్రాల పెట్టెలోకి మాత్రం మార్చను.

నంద్యాల పెట్టెల రైతు:

సగం సగం. సాయంత్రం పూట, లోపలే పెట్టు, బయట చుక్క పడితే చీమలు, పరాయి ఈగలు దోపిడీకి దిగుతాయి. పాకంలో నాలుగు పుల్లలు వెయ్యి, మునిగి చావకుండా. పెట్టెను కాళ్ళ మీద పెట్టి ఉంటే, చీమలు ఎక్కకుండా వాటి కింద నీళ్ళ గిన్నెలు ఉన్నాయా?