డెల్టా పిల్లలకు ఎడారి పాఠాలతో ఇంగ్లీషు వస్తుందా?

కొబ్బరితోట (అంబాజీపేట దగ్గర)

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సాయంత్రం పూట ఊళ్లోనే స్పోకెన్ ఇంగ్లీషు తరగతికి పంపుతున్నాం. అక్కడ నెలకొక అంశం పెట్టుకుని పాఠం చెబుతారు. పోయిన నెల ‘భవిష్యత్తులో జీవితం’, ఈ నెల ‘ఎడారులు’. నిన్న దాని నోటుపుస్తకం తెరిచి చూశాను. ఎడారి మీద పేజీ నిండా ఒక పేరా. ప్రతి ఇంగ్లీషు వాక్యం నెత్తిన పెన్సిలుతో సన్నగా తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ: ‘డెజర్ట్స్ గెట్ వెరీ లిటిల్ రెయిన్’. అప్పజెప్పమంటే కళ్లు మూసుకుని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. అదే వారం తోటలో కొబ్బరికాయల దింపు తీయిస్తుంటే కేరళ నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన, ఎన్నాళ్లకోసారి దింపుతారని దాన్ని ఇంగ్లీషులో అడిగారు. జవాబు దానికి తెలుసు. నోరు మాత్రం పెగల్లేదు.

చుట్టూ కాలువలు, పక్కన గోదావరి, ఏటా తుపాను భయం. వీటన్నిటినీ వదిలేసి ఇసుక దిబ్బల మీద ఇంగ్లీషు నేర్పడం ఏమిటి? మన ఊరి సంగతులతోనే ఎందుకు నేర్పకూడదు? మాస్టారిని అడిగే ముందు మీ అభిప్రాయం తెలుసుకుందామని.

వసిష్ఠ గట్టు (నరసాపురం)

నూటికి నూరు పాళ్లు మీతో ఏకీభవిస్తాను. మావాడికి ఒంటె మూపురంలో ఏముంటుందో ఇంగ్లీషులో తెలుసు. పంటు ఎక్కి నది దాటడం గురించి రెండు వాక్యాలు చెప్పమంటే తెలియదు. పుస్తకాలు వేసేవాళ్లు ఎక్కడో కూర్చుని వేస్తారు, మనవాళ్లు ఇక్కడ బట్టీ పడతారు.

పాత మాస్టారు (మండపేట)

అమ్మా, ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన వాడిని. మీ బాధ అర్థమైంది కానీ, దోషం ఎడారిది కాదు. రేపు మీ మాస్టారు ఎడారి తీసేసి కొబ్బరిచెట్టు పెట్టారనుకోండి. అదే పెన్సిలు ‘కోకోనట్ ఈజ్ ఎ యూజ్‌ఫుల్ ట్రీ’ అని అదే చోట రాస్తుంది. మా తరమంతా ఇంగ్లీషులో ఆవు వ్యాసం రాసింది. అప్పట్లో ఇంటింటా ఆవు ఉండేది, పాలు పితకడం వచ్చిన పిల్లలే రాసేవాళ్లు. అంత తెలిసిన ఆవు మీద రాసినా మాకు ఇంగ్లీషు మాట్లాడడం రాలేదు. ఆవుకు నాలుగు కాళ్లుంటాయని ఎవరికి చెప్పాలి? తెలియనివాడెవడూ ఎదుట లేడు. అడిగేవాడు లేని చోట మాట ఎందుకు వస్తుంది?

ఇక ‘భవిష్యత్తులో జీవితం’ సంగతి. దీన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. మనం ‘రోజూ బడికి వెళ్తాను’ అంటాం, ‘రేపు రాజమండ్రి వెళ్తాను’ అంటాం. క్రియ ఒకటే. ఇంగ్లీషులో ఈ రెండూ వేరు. అందుకే మన పిల్లలు రోజూ చేసే పనికి కూడా ‘విల్’ తగిలిస్తారు, ఉద్యోగాల్లో చేరిన పెద్దవాళ్లకూ ఆ అలవాటు పోదు. రేపటి గురించి ఒక నెలపాటు కుదురుగా మాట్లాడిస్తే ఆ తేడా చెవికి పడుతుంది. వ్యాకరణం బల్ల మీద రాసి చెబితే పడదు.

అయితే పుస్తకాల్లో భవిష్యత్తు అంటే ఎగిరే కార్లు, ఇల్లు ఊడ్చే రోబోలు. వాటిని చూసి రాయడం తప్ప పిల్లలు చేసేది లేదు. నేను ఒక్క ప్రశ్న వేసేవాడిని: నీకు ముప్పై ఏళ్లు వచ్చేసరికి మీ తోటలో దింపు ఎవరు తీస్తారు? ఇప్పటికే చెట్టెక్కేవాళ్లు దొరకడం లేదు కదా. ఒకడు యంత్రం ఎక్కుతుందన్నాడు. ఒకమ్మాయి, పొట్టి రకాలు వేస్తాం, నేలమీద నిలబడే కోస్తాం అంది. వెనక బెంచీ వాడొకడు, తోట ఉండదు సార్, రొయ్యల చెరువు ఉంటుంది అన్నాడు. తరగతి రెండుగా చీలి పోట్లాడుకుంది, తప్పులతడక ఇంగ్లీషులోనే. నాకు కావలసింది అదే.

తెలుగు చదువు (కాకినాడ)

మాస్టారూ, అసలు ముందు తెలుగులో ఆలోచన కుదరాలి కదా. 2019 నవంబరులో ఒకటి నుంచి ఆరు తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమం అని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనంతవరకు కనీసం అయిదో తరగతి దాకా మాతృభాషలోనే బోధన అంటోంది. ఎడారి ఎలా ఏర్పడుతుందో తెలుగులో తెలియని పిల్లకు ఇంగ్లీషు వాక్యం ఉత్త శబ్దమే.

పాత మాస్టారు (మండపేట)

ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ చర్చ మాధ్యమం గురించి కాదు, ఇంగ్లీషును ఒక భాషగా నేర్పడం గురించి. ఆ రెండూ కలిపితే ఈ రాత్రికి తెమలదు.

ఏడు బ్యాండ్లు (భీమవరం)

నేను విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కు చదువుతున్నాను. మాట్లాడే పరీక్షలో రెండో భాగం ఏమిటంటే, చేతికి ఒక కార్డు ఇస్తారు, ఒక్క నిమిషం ఆలోచించుకోనిస్తారు, తర్వాత రెండు నిమిషాల దాకా ఆపకుండా మాట్లాడాలి. కార్డులో ఏముంటుందో మన చేతిలో లేదు. వరి, కొబ్బరి మాత్రమే నేర్చుకుని వెళ్తే అక్కడ నోరు తెరుచుకుని కూర్చోవాలి. తెలియని అంశాలే ఎక్కువ చెప్పాలి.

స్పోకెన్ తరగతి (రావులపాలెం)

తమ్ముడూ, ఆ పరీక్షలోనే మొదటి భాగం ఏమిటో కూడా చెప్పు. మీ ఊరు, మీ ఇల్లు, మీ చదువు, ఖాళీ సమయంలో ఏం చేస్తావు, ఇవే కదా అడుగుతారు. మా దగ్గర తడబడేవాళ్లలో ఎక్కువమంది ముందు అక్కడే తడబడతారు. ఊరి గురించి చెప్పడానికి ఏముంది అనుకుంటారు.

కొబ్బరితోట గారూ, నేనూ ఇలాంటి తరగతే నడుపుతాను కాబట్టి మా వైపు మాట కూడా వినండి. నెలాఖరున తల్లిదండ్రులు వచ్చి మొదట అడిగేది నోటుపుస్తకం. పేజీలు నిండాయా లేదా? చుట్టాలు వచ్చినప్పుడు పిల్ల నిలబడి గడగడా చెప్పిందా లేదా? గంటసేపు పిల్లలు వాదించుకున్నారంటే, పుస్తకంలో ఏమీ లేదేమిటని ఫీజు దగ్గర నసుగుతారు. పేరా రాయించి బట్టీ పట్టిస్తే అందరికీ సంతోషం. పెన్సిలు రాతకు సగం బాధ్యత మాది, మిగతా సగం ఎవరిదో మీరే చెప్పండి.

ఎడారి పాఠం నేనూ చెబుతాను. పేరా ఇవ్వను. మీ వాహనం ఎడారిలో ఆగిపోయింది, పది వస్తువుల్లో అయిదే తీసుకోవచ్చు, అందరూ కలిసి తేల్చండి అంటాను. నీళ్ల డబ్బా, అద్దం, గొడుగు, తాడు, ఫోను, బెల్లం, దుప్పటి అలా. దుప్పటి ఎందుకురా వేడిలో అని ఒకడు నవ్వుతాడు. రాత్రి చలి వేస్తుందని ఇంకొకడు. అద్దం అనవసరం అని తీసేస్తారు, ఎండకు మెరిపిస్తే దూరం నుంచి కనిపిస్తుందని ఎవరికో తడుతుంది, మళ్లీ పెట్టిస్తారు. ఎందుకు, కాకపోతే, అంతకంటే, తప్పకుండా లాంటి మాటలన్నిటికీ ఇంగ్లీషులో పని పడుతుంది. ఈ ఆట కాలువ గట్టు మీద పెడితే నడవదు. కాలువ పక్కన ఆగిపోతే ఎవరైనా ఏం చేస్తారు? నడిచి ఊళ్లోకి వెళ్లి టీ తాగుతారు.

వసిష్ఠ గట్టు (నరసాపురం)

ఆట బాగుంది. తుపాను షెల్టరుకు వెళ్తూ ఇంట్లోంచి అయిదు వస్తువులే తీసుకోవాలంటే ఆడలేరా? రేషన్ కార్డా, పొలం పాసు పుస్తకమా, మందులా, మేకపిల్లా? మా పిల్లలకు అది ఆట కూడా కాదు. ఎడారిలో ఎవరు ఆగిపోతారండీ మన జిల్లాలో?

కువైట్ నుంచి (సొంతూరు రాజోలు వైపు)

అన్నా, మన జిల్లాలోంచి ఎడారికి వెళ్లినవాళ్లు లేని ఊరు చూపించు. కోనసీమలో ఏ వీధిలో అడిగినా కువైట్, దుబాయ్, మస్కట్, ఖతార్ పేర్లు వస్తాయి. ఆ ఇళ్ల పిల్లలకు ఎడారి పరాయిది ఎలా అవుతుంది? అమ్మ అక్కడే ఉంది, బడి ఫీజు అక్కడినుంచే వస్తోంది.

నేను ఇక్కడ డ్రైవరును. ఆ పేరాల్లో ఉండే ఎడారి నాకు పెద్దగా కనబడలేదు. ఇసుక దిబ్బల కంటే గులకరాళ్ల బయలే ఎక్కువ. దేశం మొత్తానికి ఒక్క నది లేదు. తాగేది చాలావరకు ఉప్పు తీసిన సముద్రపు నీరే. 2016 జూలై 21న మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. దుమ్ము లేచిందంటే మధ్యాహ్నమే లైట్లు వేసుకుని నడపాలి. కానీ చలికాలంలో ఇక్కడివాళ్లు కుటుంబాలతో సహా ఎడారిలో గుడారాలు వేసుకుని వారాల తరబడి ఉంటారు. మనం కార్తీకమాసంలో తోటల్లో వనభోజనాలకు వెళ్లినట్టు, అంత ఇష్టంగా. ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఇంకొక మాట. ఇళ్లలో పనికి వచ్చే ఆడవాళ్లకు ఇక్కడ ముందు కావలసింది అరబ్బీ. ఇంగ్లీషు ఆసుపత్రిలో, దుకాణంలో, తోటి ఫిలిప్పీన్స్ వాళ్లతో అక్కరకు వస్తుంది. ఒళ్లు ఎక్కడ నొప్పిగా ఉంది, జీతం ఎన్ని నెలలు రాలేదు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది, ఇవి చెప్పగలగాలి. ఎడారి పాఠం చెప్పేవాళ్లు ఇవి కూడా చేరిస్తే బాగుంటుంది. ‘భవిష్యత్తులో జీవితం’ అన్నా మా ఊళ్లో చాలామందికి వీసా అనే అర్థం.

సార్వా దాళ్వా (ఉండి)

రైతుగా ఒక మాట. ఎడారి, డెల్టా రెండూ ఎదురెదురు అని అందరూ ఎందుకు అనుకుంటున్నారు? ఈజిప్టు చూడండి. కైరోలో ఏడాదికి 30 మిల్లీమీటర్ల వాన కూడా పడదు, చుట్టూ ఎడారి. అయినా కైరో దాటాక నైలు రెండు పాయలై డెల్టా అవుతుంది, అక్కడా కాలువల కింద వరి పండిస్తారు. మన గోదావరి ధవళేశ్వరం దగ్గర గౌతమి, వసిష్ఠలుగా చీలినట్టే. మనకు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. అయినా ఆనకట్ట లేనప్పుడు ఇక్కడా పంటలు ఎండేవి. 1847లో కాటన్ దొర పని మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాక కదా పరిస్థితి మారింది. దాళ్వాకు, అంటే రెండో పంటకు, వంతులవారీగా నీళ్లు వదిలే ఏడాది మా బోదె (పిల్లకాలువ) చివర పొలాలు చూస్తే ఎడారి ఎంత దూరమో తెలుస్తుంది.

నైలు మీద 1970లో ఆస్వాన్ ఆనకట్ట పూర్తయ్యాక ఒండ్రు దిగువకు రావడం ఆగిపోయి అక్కడి తీరం కోసుకుపోతోంది. మన ఉప్పాడలోనూ సముద్రం ఇళ్లు మింగుతోంది, అక్కడి కారణాలు వేరు కావచ్చు. రాజస్థాన్‌లో ఇందిరాగాంధీ కాలువ తవ్వి థార్‌కు నీళ్లు ఇస్తే కొన్ని చోట్ల నీరు నిలిచి భూమి చౌడు తేలింది. రొయ్యల చెరువు పక్కన వరి వేసినవాడికి చౌడు అంటే ఏమిటో వేరే చెప్పాలా? ఇవన్నీ పక్కపక్కన పెట్టి, దేనికంటే ఏది ఎక్కువ, ఎందుకు అని అడిగితే పిల్లలు ఇంగ్లీషులో తడుముకుంటూనైనా చెబుతారు. ఒంటె మూపురం దగ్గర ఆగిపోనక్కరలేదు.

కొబ్బరితోట (అంబాజీపేట దగ్గర)

రావులపాలెం మాస్టారు గారూ, సగం బాధ్యత అన్నారు, పుస్తకం నిండలేదని నేనెప్పుడూ అడగలేదు. మా ఆయన అడిగారేమో తెలియదు.

కువైట్ తమ్ముడు చెప్పింది చదువుతుంటే మా తోటికోడలు గుర్తొచ్చింది. ఆమె మస్కట్‌లో ఉంటుంది. శుక్రవారం ఫోను చేస్తుంది. ఎడారి గురించి నాలుగు ప్రశ్నలు ఇంగ్లీషులో రాసుకుని పిన్నిని అడగమని మా అమ్మాయికి చెబుదామనుకుంటున్నాను. ఎదుట జవాబు తెలిసిన మనిషి ఉంటుంది కదా.

కువైట్ నుంచి (సొంతూరు రాజోలు వైపు)

అక్కా, ఆ పని మాత్రం చేయకండి. వారమంతా పరాయి భాషలో సరే, సరే అని తలూపిన మనిషి. తెలుగు వినడానికే ఇంటికి ఫోను చేస్తుంది. అప్పుడు కూడా పరీక్ష పెడితే ఎలా? తెలుగులోనే అడగమనండి. పెట్టేశాక ఆమె చెప్పిన సంగతులు పాప ఇంగ్లీషులో రాసుకోవచ్చు.

పాత మాస్టారు (మండపేట)

ఈ తమ్ముడు నాకంటే మంచి మాస్టారు. అలాగే చేయండమ్మా. రాసేటప్పుడు పైన తెలుగు అక్షరాలు వద్దనండి. పిన్ని మాటలు కాబట్టి వాటి అవసరం కూడా రాదు.

వసిష్ఠ గట్టు (నరసాపురం)

ఇంతమంది ఇన్ని చెప్పారు, నా ప్రశ్న అలాగే ఉంది. ఎడారి మీద ఇంగ్లీషు పుస్తకం ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. మన కాలువల లాకుల మీద, పంటు మీద, 1996 నవంబరు తుపాను మీద ఏడో తరగతి పిల్లలు చదవగలిగే ఇంగ్లీషు నాలుగు పేజీలు ఎక్కడ ఉన్నాయి? ఉంటే ఎవరైనా చెప్పండి. అవి దొరికేదాకా నేను ఎడారికి ఓటు వేయను.

పాత మాస్టారు (మండపేట)

అచ్చులో నేనూ చూడలేదు. నేను తరగతి కోసం రాసుకున్నవి ఉన్నాయి. లాకులు ఎలా పనిచేస్తాయో ఒకటి, కొబ్బరితోటలన్నీ నేలకూలిన ఆ నవంబరు రాత్రి మీద ఒకటి. చేతిరాత కాగితాలు, ఫొటో తీసి పెడతాను.

స్పోకెన్ తరగతి (రావులపాలెం)

తుపానుది ముందు పెట్టండి మాస్టారూ. వచ్చే నెల అంశం నేనింకా ప్రకటించలేదు. నరసాపురం అన్నగారి మేకపిల్లను కూడా అందులో చేరుస్తాను.