తొమ్మిదో తరగతిలో బ్యాండా, క్వయరా? టెక్సస్ తల్లిదండ్రుల సలహా కావాలి

ఫ్రిస్కో నాన్న:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. మిడిల్ స్కూల్లో ఏదో ఒక కళ తీసుకోక తప్పదన్నందువల్ల ఆరో తరగతిలో క్లారినెట్ పట్టుకుంది. మొదటి ఆరు నెలలూ ఇంట్లో బాతులు పెంచుతున్నట్టు ఉండేది గానీ, ఇప్పుడు నేనే పని ఆపి వింటున్నాను. దానితో పాటు ఆరేళ్లుగా ప్రతి శనివారం కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది. హైస్కూల్ కోర్సుల ఎంపిక పత్రం వచ్చే వారం ఇచ్చేయాలి.

బ్యాండ్ కొనసాగిస్తానని అమ్మాయి పట్టుబడుతోంది. గాత్రం ఎలాగూ వచ్చు కనుక క్వయర్ (బృందగానం) అయితే సులువుగా ఉంటుందని నా శ్రీమతి అభిప్రాయం. మా బంధువులేమో మార్చింగ్ బ్యాండ్ (మైదానంలో నడుస్తూ వాయించే బ్యాండ్) అంటే పిల్లను ఎండలో నిలబెట్టడమేననీ, దానివల్ల ర్యాంకు కూడా పోతుందనీ, ఆ పీరియడ్‌లో మరో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) కోర్సు పెట్టించమనీ అంటున్నారు. విజయనగరంలో పెరిగిన నాకు బ్యాండు అంటే పెళ్లి ఊరేగింపు ముందు నడిచే బ్యాండుమేళం తప్ప మరొకటి తెలియదు. పిల్లలను ఈ దారిలో పంపినవారు సమయం, చదువు, సంగీతం మూడింటి గురించీ ఉన్నదున్నట్టు చెప్పగలరా?

ప్లేనో అమ్మ:

మా ఇద్దరు పిల్లలూ బ్యాండ్‌లోనే పెరిగారు కాబట్టి సమయం సంగతి నేను చెబుతాను. హైస్కూల్ బ్యాండ్ బడి తెరిచిన రోజున మొదలవదండి. జులై చివరనో ఆగస్టు మొదటనో సమ్మర్ బ్యాండ్ అని పిలుస్తారు. ఉదయం ఏడింటికల్లా పార్కింగ్ లాట్‌లో, ఫుట్‌బాల్ మైదానం గీతలు గీసిన తారు మీద నిలబెడతారు. మొదటి వారమంతా వాద్యం కంటే నడకే ఎక్కువ నేర్పుతారు. అయిదు గజాల దూరాన్ని సరిగ్గా ఎనిమిది అడుగుల్లో దాటాలి, అంటే ఒక్కో అడుగు ఇరవై రెండున్నర అంగుళాలు ఉండాలి. ప్రతి పిల్లకూ మైదానంలో తానెక్కడ నిలబడాలో రాసిన కాగితం ఒకటి ఉంటుంది, ఆ చోటును డాట్ అంటారు. మా చిన్నవాడు ఒకనాడు తన డాట్‌కు రెండు అడుగుల అవతల నిలబడితే, డైరెక్టర్ నిలబడే ఎత్తైన టవర్ మీద నుంచి మైకులో వాడి పేరు పిలిచి అందరినీ మళ్లీ మొదటి నుంచి నడిపించారు. ఆ రాత్రి వాడు వంటింట్లో టైల్స్ లెక్కపెట్టుకుంటూ అడుగులు వేయడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

బడి జరిగే వారంలో, తరగతి గంటలు కాకుండా చేసే సాధన ఎనిమిది గంటలు దాటకూడదని యూఐఎల్ (టెక్సస్ బడుల మధ్య పోటీలు నడిపే సంస్థ) నియమం ఉంది. అయితే శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్, శనివారం పోటీ ఆ లెక్కలోకి రావు. కనుక అక్టోబరు నెలలో శనివారాలన్నీ బ్యాండ్‌వేనని ముందే అనుకోండి, గాత్రం గురువుగారితో ఇప్పుడే మాట్లాడి ఆ నెల పాఠాలు ఆదివారానికి మార్పించుకోండి. నవంబరు దాటితే తెరిపి వస్తుంది. వసంతంలో జరిగే కన్సర్ట్, సైట్ రీడింగ్ పోటీయే నా దృష్టిలో అసలైన సంగీత పరీక్ష. ఎన్నడూ చూడని సంగీతాన్ని అక్కడికక్కడ చేతికిస్తారు. డైరెక్టర్ వివరిస్తున్నంతసేపూ పిల్లలు వేళ్లు కదుపుకోవచ్చు గానీ, ఒక్క స్వరమైనా ఊదకూడదు. తర్వాత ఒకే ఒక్కసారి వాయించాలి.

ఖర్చు సంగతి కూడా అడిగి తెలుసుకోండి. ట్యూబా, బసూన్ వంటి పెద్ద వాద్యాలను సాధారణంగా బడే ఇస్తుంది. క్లారినెట్ మాత్రం అద్దెకైనా సొంతానికైనా మనమే తెచ్చుకోవాలి. దాని పైన రీడ్లు (ఊదే చోట బిగించే పలుచటి బద్దలు), బ్యాండ్ రుసుము, ప్రయాణాలు ఉంటాయి. మరో మాట, మార్చింగ్ సీజన్‌ను వ్యాయామ విద్య క్రెడిట్ కింద లెక్కించే వెసులుబాటు టెక్సస్‌లో ఉంది కాబట్టి, ఒక పీరియడ్ పోతుందన్న బాధ సగం తగ్గుతుంది.

ఆస్టిన్ విద్యార్థిని:

నేను నాలుగేళ్లు హైస్కూల్ క్వయర్‌లో ఆల్టోగా (ఆడ గొంతుల్లో కింది వరుస) పాడాను, అంతకు ముందు నుంచే కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. మీ ఇంట్లో ఆంటీ గారు క్వయర్ సులువనుకోవడం సహజమే గానీ, నాకు మొదటి మూడు నెలలూ చాలా కష్టంగా గడిచాయి. శ్రుతి, తాళం నాకు అడ్డం రాలేదు. క్వయర్‌లో నేర్పే డో-రే-మి మన స-రి-గ లాగే ఆధార స్వరాన్ని బట్టి మారుతుంది, వాళ్ల మేజర్ స్కేలు మన శంకరాభరణమే. చిక్కంతా గమకంతో, అంటే స్వరాన్ని ఊపి పలకడంతో వచ్చింది. రెండో వారంలో టీచర్ పాట ఆపించి, ఒక్కొక్క వరుస చేత విడివిడిగా పాడించి, చివరికి నా దగ్గర నిలబడి, మీ గాంధారం చాలా అందంగా ఊగుతోంది గానీ మిగతా పదిహేను మందిదీ ఊగడం లేదు అన్నారు. గొంతును గీత గీసినట్టు నిలపడం, అచ్చుల్ని పక్కవారి నోటి ఆకారంతో కలపడం, సొప్రానోలు (పై వరుస గొంతులు) అసలు బాణీ పాడుతుంటే దానికి లొంగకుండా మన వరుస మనం పట్టుకోవడం మన పాఠాల్లో ఎక్కడా రావు. కానీ అది అలవాటయ్యాక మా గురువుగారి దగ్గర నా దీర్ఘ స్వరాలు బాగుపడ్డాయి.

క్వయర్‌లో లాటిన్ ప్రార్థనా గీతాలు, ఆఫ్రికన్ అమెరికన్ స్పిరిచ్యువల్స్ పాడతారు. ఇంట్లో అభ్యంతరం ఉంటే ముందే టీచర్‌తో మాట్లాడండి. మా అమ్మమ్మ మాత్రం నా కచేరీకి వచ్చి, దేవుడి పాటే కదా, పాడితే ఏమిటే అంది.

అయినా నా సలహా బ్యాండ్‌కే, ఎందుకంటే మీ అమ్మాయి మూడేళ్లు కష్టపడింది దాని మీద. గాత్రాన్నీ క్లారినెట్‌నూ కలిపే మార్గం కూడా ఉంది. ముత్తుస్వామి దీక్షితులు ఆ రోజుల్లో తాను విన్న పాశ్చాత్య బ్యాండు బాణీలకు శంకరాభరణంలో సంస్కృత సాహిత్యం కూర్చి నోట్టుస్వరాలు చేశారు. వాటిలో గమకాలు దాదాపు ఉండవు కాబట్టి క్లారినెట్ మీద చక్కగా పలుకుతాయి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. బ్యాండ్‌లో వాడే బీ ఫ్లాట్ క్లారినెట్ రాసిన స్వరం కంటే ఒక పూర్తి స్వరం కిందికి పలుకుతుంది. ఆమె అయిదు శ్రుతిలో, అంటే జీ (G)లో పాడుతుంటే, క్లారినెట్ మీద సా కోసం ఏ (A) స్వరపు వేళ్లు పెట్టాలి. ఇది తెలియక నా స్నేహితురాలు తంబురా యాప్‌తో ఒక సాయంత్రమంతా పోట్లాడింది.

ఇర్వింగ్ నాన్న:

అందరూ సంగీతం వైపే మాట్లాడుతున్నారు కాబట్టి, రెండో వైపు నేను చెబుతాను. మా అబ్బాయి పదో తరగతి తర్వాత బ్యాండ్ మానేశాడు, అందుకు నేను చింతించడం లేదు. ఏపీ కోర్సుకు జీపీఏలో (మార్కుల సగటులో) అదనపు బరువు ఉంటుంది, మొదటి ఏళ్ల బ్యాండ్‌కు సాధారణంగా ఉండదు. టెక్సస్‌లో 1997 నాటి చట్టం ప్రకారం తరగతిలో మొదటి 10 శాతంలో ఉన్నవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం దొరుకుతుంది గానీ, యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం)లో మాత్రం 2026లో చేరేవారి నుంచి అది 5 శాతమే. మా ప్రాంతపు బడుల్లో ఆ గీత దగ్గర పిల్లల మధ్య తేడా దశాంశాల్లోనే ఉంటుంది. అయితే ర్యాంకు లెక్కలో ఏ కోర్సులను చేర్చాలనేది ఒక్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఒక్కో విధంగా ఉంటుంది. మా డిస్ట్రిక్ట్ పత్రాన్ని నేను రెండేళ్లు ఆలస్యంగా చదివాను. మీరు బంధువుల మాట మీద గానీ, నా మాట మీద గానీ ఆధారపడకుండా కౌన్సిలర్‌ను నేరుగా అడగండి. ఏపీ వంటి ఉన్నత స్థాయి కోర్సులు కాక మరే సబ్జెక్టులోనైనా 70 కంటే తక్కువ వస్తే కనీసం మూడు వారాలు పోటీలకు అర్హత పోతుందన్న నియమం కూడా గుర్తుంచుకోండి. అక్టోబరులో అలా ఒక్క పిల్లవాడు ఆగిపోతే మైదానం మీద పిల్లలు నిలబడి కట్టే బొమ్మలో చిల్లు పడుతుంది, మిగతావారి చూపులు వాడు మోయాలి. మావాడు మోశాడు.

ఫ్రిస్కో నాన్న:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న కౌన్సిలర్‌ను కలిశాను. మా డిస్ట్రిక్ట్ నియమాలు ముద్రించి ఇచ్చారు, పసుపు పెన్నుతో గీతలు పెట్టుకుంటూ చదువుతున్నాను. తొమ్మిదో తరగతికి బ్యాండ్ ఉంచి, పదో తరగతి పత్రం వచ్చినప్పుడు మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాలని ముగ్గురం ఒప్పుకున్నాం. గురువుగారు అక్టోబరుకు ఆదివారం సాయంత్రాలు ఇచ్చారు. ఏ (A) స్వరపు వేళ్లతో సా పట్టి అమ్మాయి రాత్రి ఒక నోట్టుస్వరం వాయించింది, వాళ్లమ్మ పక్కన కూర్చుని తాళం వేసింది. ప్లేనో అమ్మగారిని ఒక్కటి అడగమని శ్రీమతి అంటోంది. అమ్మాయికి నడుము దాకా జడ ఉంది. బ్యాండ్ టోపీ కింద అది పడుతుందా, లేక కత్తిరించాల్సి వస్తుందా?

ప్లేనో అమ్మ:

కత్తిరించకండి. రెండు జడలు వేసి, తల చుట్టూ చుట్టి, పిన్నులు పెట్టి, పైన నైలాన్ వల టోపీ తొడిగితే సరిపోతుంది. టోపీ కొలత తీసుకునే రోజున మాత్రం జడలు అలా చుట్టే పంపండి. మేము జుట్టు వదిలేసి పంపి, ఆ సీజన్ అంతా అవస్థ పడ్డాం.