‘విశ్వాసమువలననే’: ఆ ‘ఏ’ ఎక్కడిది?

బైబిలు కొత్త నిబంధనలో పౌలు రాసిన రోమా పత్రిక 3:28 పాత తెలుగు తర్జుమాలో ఇలా ఉంది: “కాగా ధర్మశాస్త్రసంబంధమైన క్రియలు లేకుండ విశ్వాసమువలననే మనుష్యులు నీతిమంతులుగా తీర్చబడుచున్నారని యెంచుచున్నాము.” మా నాయనమ్మ ఈ వచనం చదువుతూ ‘వలననే’ దగ్గర గొంతు పెంచి, ఒక్క క్షణం ఆగేది. మొన్న గ్రీకు మూలం పక్కన పెట్టుకుని చూస్తే అక్కడ ‘పిస్తెయి’ అన్న ఒక్క మాటే ఉంది, ‘విశ్వాసంతో’ అని. మరి ఈ ‘ఏ’ అనువాదకులు చేర్చిందేనా? అలా చేర్చవచ్చా?

జవాబు: మంచి చోట పట్టుకున్నారండీ. ఈ గొడవ 500 ఏళ్ల నాటిది. 1522లో మతసంస్కర్త మార్టిన్ లూథర్ కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చినప్పుడు సరిగ్గా ఇక్కడే, ‘మాత్రమే’ అని అర్థమిచ్చే ‘అల్లైన్’ చేర్చాడు. మూలంలో లేని మాట ఎలా పెడతావని ప్రత్యర్థులు నిలదీశారు. 1530లో ఆయన బహిరంగ లేఖ రాశాడు. అందులో వేదాంతం కన్నా ముందు భాష సంగతే ఎత్తుకున్నాడు: ఒకటి ఔనని, ఇంకొకటి కాదని చెప్పేటప్పుడు జర్మన్ నోట ఆ మాట రావడం సహజం అని. ఆయన ఇచ్చిన ఉదాహరణ: రైతు ధాన్యమే తెచ్చాడు, డబ్బు తేలేదు. చూశారా, తెలుగులో రాయబోతే నా చేతికీ ‘ఏ’ వచ్చేసింది! లూథర్‌కి ఒక మాట కావలసి వచ్చింది, మనకు ఒక అచ్చు సరిపోయింది.

ఇంకొకరు: అంత తేలిగ్గా ఒప్పుకోనండీ. ‘ఏ’ ఎప్పుడూ ‘మాత్రమే’ కాదు. ‘నిజమే’ అన్నప్పుడు దేన్ని మినహాయిస్తున్నాం? యాకోబు పత్రిక 2:24 చూడండి: “విశ్వాసమూలమున మాత్రము కాక క్రియల మూలమునను”. అక్కడ గ్రీకులో ‘మొనొన్’ ఉంది కాబట్టి ‘మాత్రము’ పెట్టారు. పౌలు వాక్యంలో లేదు, పెట్టలేదు. ‘విశ్వాసం మాత్రమే’ అన్న జంట కొత్త నిబంధన మొత్తంలో కనబడేది యాకోబు దగ్గరే, అదీ ‘కాదు’ అనడానికి. లూథర్ ఆ పత్రికను గడ్డి పత్రిక అని విసుక్కున్నాడంటే విసుక్కోడూ మరి!

అడిగినవారు: అయితే ఎఫెసీ పత్రిక 2:8లో ‘కృపచేతనే రక్షింపబడియున్నారు’ అన్న చోట ‘ఏ’ కూడా ఇంతేనా?

మొదట జవాబిచ్చినవారు: ఇంతే. గ్రీకులో ‘కృపచేత’ను వాక్యం మొదట నిలబెట్టి ఊనిక తెచ్చారు. తెలుగులో మాటలు అటూఇటూ జరిపినా అంత ఊనిక రాదు. నా ఇబ్బంది ఆ తర్వాతి “ఇది మీవలన కలిగినది కాదు” దగ్గర. ఆ ‘ఇది’ అంటే ఏది? గ్రీకులో కృప, విశ్వాసం రెండూ స్త్రీలింగం, ‘ఇది’ మాత్రం నపుంసకం. అందుకే రక్షణ అనే మొత్తం సంగతినే అంటున్నాడని చాలామంది పండితులు చెబుతారు. మన ‘ఇది’లో ఆ లింగభేదం లేదు, కాబట్టి తెలుగు చదివేవాడికి అక్కడ చిక్కు ఉందనే తెలియదు.

అడిగినవారు: నిజమేనండీ. నాయనమ్మ అక్కడ ఎప్పుడూ ఆగలేదు.